ఫిబ్రవరిలో తుఫాను

మిరపకాయల పనిలో చేతులు మండుతున్నాయని ఎవరైనా అంటే మద్దెలవారిపాలెంలో నవ్వుతారు. మండక చల్లగా ఉంటాయా అని అడుగుతారు. ముప్పై ఏళ్ళుగా ఎలీసమ్మ కూడా ఆ నవ్వే నవ్వుతూ వచ్చింది. కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలు చేతులు ఊదుకుంటూ కూర్చుంటే, పొద్దున్నే ఆముదం రాసుకుని రండే, సాయంత్రం మజ్జిగలో ముంచుకోండి, నాలుగు రోజులకు చెయ్యే అలవాటు పడుతుంది అని చెప్పేది. అందుకే ఈ ఏడు తన బొటనవేలి గోరు కింద తెల్లగా పొంగి, గోరు అంచు వేలిని వదిలి పైకి లేస్తున్నా ఎవరితోనూ అనలేదు. అంటే ముందు నవ్వేది తన ముఠావాళ్ళే.

ముఠాలో పన్నెండు మంది. వాళ్ళు పనిచేసే అంకమ్మరావు కల్లం ఊరికి పడమటి వైపు, కాలవ గట్టును ఆనుకుని ఉంది. ఎండిన మిరపకాయకు తొడిమ తీయాలంటే ముందు నీళ్ళు చల్లాలి. సాయంత్రం కుప్ప మీద చల్లి పట్టా కప్పి పోతే, తెల్లారేసరికి కాయ మెత్తబడి వేళ్ళ మధ్య వంగుతుంది. అప్పుడు తొడిమ మొదట్లో బొటనవేలి గోరు ఆనించి ఒక్క తిప్పు తిప్పితే తొడిమ ఒక వైపు, కాయ ఒక వైపు. నీళ్ళు తగలని కాయ అట్లా వంగదు. పటుక్కున పగిలి గింజలన్నీ ఒళ్ళోకి రాలుస్తుంది. అందుకని చల్లేటప్పుడూ చేతులు తడే, తీసేటప్పుడూ తడే. ఆ నీళ్ళు కల్లం మూల ఉన్న సిమెంటు తొట్టిలోవి. తొట్టిలోకి మోటారు పెట్టి తోడేది కాలవలోంచి. కాలవకు ఎగువన కిలోమీటరు దూరంలో, కాయల్లోంచి రంగూ కారమూ పిండి నూనె తీసే ఫ్యాక్టరీ ఉంది.

ఆ గురువారం మధ్యాహ్నం, ముఠా అంతా అన్నాలు తింటున్న వేళ హనుమాయమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఒక్క గేదెను పెట్టుకుని నాలుగిళ్ళకు పాలు పోస్తుంది. కల్లం గాలి తగిలితే ఆమెకు దగ్గు తెర ఆగదు. అందుకని గట్టు మీదే నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పిలిచింది.

"ఎలీసమ్మా, కాస్త ఆముదం ఉంటే పొయ్యవే. చేతులు తెగ మండుతున్నయ్."

ఎలీసమ్మ చెయ్యి కడుక్కుని ఆముదం సీసా పట్టుకుని గట్టెక్కింది. హనుమాయమ్మ చాచిన అరచేతిలో పోయబోయి ఆగిపోయింది. వేళ్ళ సందుల్లో తోలు తెల్లబడి పొరలు లేచింది. గోళ్ళ అంచులు పైకి లేచాయి.

"మామ్మగారూ, మిరపకాయలు ముట్టుకున్నారా ఏంది?"

"నేనెందుకు ముట్టుకుంటానే. ఆ ఘాటుకి నాకు ఊపిరాడదాయె. మా ఇంట్లో కూరలో కారం వేసేది కూడా కోడలే."

"మరి దేంట్లో పెట్టారు చేతులు?"

"దేంట్లో పెడతాను. రోజూ గేదెను కాలవలో కడుగుతున్నా. దాని పొదుగు కూడా పగిలింది, చూడు. నిన్న పాలు పిండనివ్వకుండా తన్నింది."

ఎలీసమ్మ తన చెయ్యి ఆమె చేతి పక్కన పెట్టి చూసింది. ముప్పై ఏళ్ళు కారంలో నానిన చెయ్యి ఒకటి, కారం ముట్టని చెయ్యి ఒకటి. రెండింటికీ ఒకటే పొర, ఒకటే తెలుపు. ఆమెకు ముందు కోపం వచ్చింది ఫ్యాక్టరీ మీద కాదు, తన మీదే. మంట అనగానే కారమే అనుకున్న తన తెలివి మీద. మొన్న సంక్రాంతి అయిన దగ్గర్నుంచీ చెల్లెలి కూతురు మహిమ వేళ్ళు మండుతున్నాయని ఏడుస్తుంటే, అలవాటవుద్దిలే అని ఆ పిల్ల నెత్తిన మొట్టింది కూడా.

ఆమె కల్లంలోకి దిగి, "అందరూ చేతులు చూపించండే" అంది.

పన్నెండు మందిలో ఏడుగురికి గోళ్ళు కదులుతున్నాయి. మహిమ తప్ప ఒక్కరూ నోరెత్తలేదు ఇన్నాళ్ళూ, ఎవరికి వాళ్ళు నవ్వులపాలవుతామని. గోరు ఊడితే తొడిమ తీసే పని ఇక లేదు. ఈ ఊళ్ళో ఎలీసమ్మకు ఇంకో పనీ రాదు.

*

శుక్రవారం పొద్దున మహిమను వెంటబెట్టుకుని ఊళ్ళోని గ్రామ సచివాలయానికి వెళ్ళింది. మహిమ ఇంటర్మీడియట్ చదివింది, ముఠాలో కాగితం పని ఏది పడ్డా ఆ పిల్లే చేస్తుంది. అక్కడ కంప్యూటరు దగ్గర కూర్చునే అమ్మాయి అఖిల. నల్లపాడు నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. ఫ్యాక్టరీ కాలవలోకి వదిలే నీళ్ళ మీద, మహిమ చెబుతుంటే ఆమె ఫిర్యాదు మొత్తం ఎక్కించింది. చేతుల ఫొటోలు తీసింది, హనుమాయమ్మ చెయ్యీ గేదె పొదుగూ కూడా మహిమ ఫోనులోంచి తీసుకుని పెట్టింది. మీట నొక్కింది. కాసేపు తెర మీద తెల్ల చక్రం తిరిగింది.

"ఆంటీ, నంబరైతే వచ్చింది. మామూలుగా పదిహేను రోజుల్లో కాలుష్య మండలి వాళ్ళు వచ్చి చూడాలి. కానీ ఇక్కడ వేరే రాసి వస్తోంది."

"ఏమని?"

"విపత్తు ప్రకటన అమల్లో ఉన్నందున తనిఖీ గడువు వర్తించదు, అని."

"విపత్తేందమ్మా?"

"తుఫాను ఆంటీ."

ఎలీసమ్మ గుమ్మంలోంచి బయటికి చూసింది. పది గంటలకే ఎండ చిటపటలాడుతోంది. రోడ్డుకు అటూ ఇటూ ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఒక్క కుప్ప మీదా పట్టా లేదు.

"ఎక్కడుంది తుఫాను?"

అఖిలకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. తుఫాను అక్టోబరు ఆఖర్లో వచ్చింది. రెండు రోజులు కొట్టి, పత్తిని నల్లబరిచి, కొత్తగా నాటిన మిరపను నీళ్ళలో కుళ్ళబెట్టి పోయింది. కాగితంలో మాత్రం అది పోలేదు. ప్రకటనను రెండుసార్లు పొడిగించారు, ఏప్రిల్ ముప్పై దాకా. ఎందుకు పొడిగించారని అడిగితే, ఎత్తెయ్యమని ఎవరూ రాయలేదు కాబట్టి. రోడ్లు మునిగి, ఆఫీసర్లు పడవల్లో తిరుగుతుంటే తనిఖీ ఆలస్యమైందని వాళ్ళ మీద తప్పు పడకూడదని అసెంబ్లీలో చేసిన చట్టం అది. ఉద్దేశం మంచిదే. ప్రకటన ఉన్నన్నాళ్ళూ గడువు నడవదు, ఎత్తేసిన రోజు నుంచి ముప్పై రోజుల్లో తనిఖీ చెయ్యాలి. ఆ చట్టం గొడుగు కింద ఎండలో హాయిగా కూర్చున్నవాళ్ళు ఎవరో చట్టం చేసినవాళ్ళు చూడలేదు, లేదా చూశారు.

"అంటే ఎప్పుడొస్తారు?" అని మహిమ అడిగింది.

"ఏప్రిల్ ముప్పై తర్వాత ముప్పై రోజులు. మే ఆఖరు."

"ఏప్రిల్ సగానికి ఫ్యాక్టరీ ఆగుద్ది," అంది ఎలీసమ్మ. "కాయల సీజను అయిపోతే వాళ్ళు నీళ్ళొదలరు. మేలో కాలవ ఎండుద్ది. వచ్చి మట్టి చూసిపోతారా?"

అఖిల ఫిర్యాదు నంబరు చీటీ మీద రాసి మహిమకిచ్చింది. బయటికి వస్తుంటే నోటీసు బోర్డు దగ్గర మహిమ ఆగింది. ఎండకు వెలిసిపోయిన కాగితం ఒకటి నాలుగు మూలలా పిన్నులతో ఉంది. తుఫాను బాధితులకు తాగునీటి ట్యాంకరు వేళలు, ఉదయం ఏడు, సాయంత్రం నాలుగు. ట్యాంకరు తుఫాను తర్వాత నాలుగు రోజులు వచ్చింది. ఐదో రోజు నుంచి ఎవరూ చూడలేదు.

"ఈ కాగితం ఇంకా ఎందుకుంచారమ్మా?" అని ఎలీసమ్మ లోపలికి కేకేసింది.

"ప్రకటన ఉన్నన్నాళ్ళు తియ్యకూడదు ఆంటీ," అని అఖిల జవాబిచ్చింది.

*

ఫిర్యాదు కాలుష్య మండలికి చేరిందో లేదో గానీ ఫ్యాక్టరీకి మాత్రం సాయంత్రానికల్లా చేరింది. శనివారం పొద్దున అంకమ్మరావు బండి దిగీ దిగకముందే కేకలు మొదలుపెట్టాడు.

"ఏందే ఎలీసమ్మా, నా కల్లంలో కూర్చుని ఫ్యాక్టరీ మీద కంప్లయింటు పెడతావా? మేనేజరు ఫోన్ చేసి నన్ను తిట్టాడు. తాలుకాయలన్నీ నేను ఎవరికి వేస్తున్నా? వాళ్ళకే. రేపు వాళ్ళు వద్దంటే ఆ తాలు నీ నెత్తిన పోసుకోనా?"

తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. మిరప యార్డులో దాన్ని కన్నెత్తి చూసేవాళ్ళుండరు. నూనె ఫ్యాక్టరీ మాత్రం కొంటుంది, తను చెప్పిన ధరకి. ఈ ఏడు తాలు ఎక్కువ పడిందని అంకమ్మరావు తుఫానునే తిట్టుకుంటున్నాడు.

"నేను పెట్టింది నీళ్ళ మీదండీ, మీ మీద కాదు," అంది ఎలీసమ్మ.

"ఏదైతే ఏంది. సోమవారానికి వెనక్కి తీసుకో. లేదంటే వేరే ముఠాను పెట్టుకుంటా."

"పెట్టుకోండి. వాళ్ళకు చేతులుండవా?"

ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. అంకమ్మరావుకు ఇంకా కాలింది. ఎలీసమ్మ అతని వైపు చూడకుండా వెళ్ళి తన గోనెపట్టా మీద కూర్చుంది. నిన్న సాయంత్రం వాళ్ళు కుప్ప మీద నీళ్ళు చల్లలేదు. అందరూ ముందే అనుకున్నారు. పని మానరు. మానితే అతనికి సాకు దొరుకుతుంది. పని చేస్తారు, తొట్టి నీళ్ళు మాత్రం ముట్టుకోరు.

పన్నెండు జతల చేతులు ఒక్కసారి కదిలాయి. పటుక్, పటుక్ మని కల్లమంతా చప్పుడు. పొడి కాయ గోరు తగలగానే చీలిపోతోంది. గింజలు ఒళ్ళోకి, పట్టా మీదకి, గాలికి గట్టు దాకా రాలుతున్నాయి. కారం పొడి ముక్కుల్లోకి లేచింది. అందరూ దగ్గుతున్నారు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం ఆగడం లేదు. మహిమ కొంగు మూతికి కట్టుకుని అందరికంటే వేగంగా తీస్తోంది. ఆ పిల్లకు ఇది సరదాగా ఉన్నట్టుంది.

అంకమ్మరావు అరగంట ఓర్చుకున్నాడు. ఆ అరగంటలో ఒక బుట్టెడు మేలిరకం కాయ పొట్టూ గింజలూ అయింది.

"ఆపండే. కాయ మొత్తం పిండి జేస్తున్నారు."

"ఎండ కదండీ. పొడికాయ ఇట్టాగే పగులుద్ది."

"నీళ్ళు చల్లుకోవడానికేం మాయరోగం?"

"ఆ తొట్టిలో మీరొక గంట చెయ్యి పెట్టి ఉంచండి. తర్వాత మేమూ చల్లుతాం."

ఎలీసమ్మ గొంతు పెంచలేదు. అంకమ్మరావు పెద్ద అంగలేసుకుంటూ తొట్టి దగ్గరికి పోయాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. నీళ్ళ మీద పల్చగా పసుపు రంగు తెట్టె కట్టి ఉంది. వంగాడు, వాసన చూశాడు. పన్నెండు మందీ తొడిమలు తీయడం ఆపి చూస్తున్నారు. అతను కొంచెం సేపు అట్లాగే వంగి ఉండి, లేచి, మడిచిన చెయ్యి మెల్లగా కిందికి దింపుకున్నాడు. గుండీ కూడా పెట్టుకున్నాడు.

"ఇప్పుడేం జెయ్యమంటావు మరి?" అన్నాడు. గొంతులో ఇందాకటి కేక లేదు. "కల్లానికి ట్యాంకరు తెప్పించమంటావా?"

ఎలీసమ్మ చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. నోటీసు బోర్డు మీద వెలిసిన కాగితం ఆమె కళ్ళ ముందుకు వచ్చింది. తుఫాను ఇంకా ఉందని కంప్యూటరు చెప్పింది. తుఫాను ఉన్నన్నాళ్ళు ఆ కాగితం తియ్యకూడదని అఖిల చెప్పింది. తుఫానుంటే మరి ట్యాంకరేది?

*

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చున్నారు. అఖిల సెలవు రోజయినా స్కూటీ మీద వచ్చింది. ఎలీసమ్మ ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఆ అమ్మాయిని రాత్రంతా తొలిచినట్టుంది. ప్రకటన కాగితాలు ముద్రించి తెచ్చింది, నాలుగు పేజీలు. మూడో పేజీలో తొమ్మిదో అంశం కింద ఎర్ర గీత గీసి ఉంది.

"నా పేరు ఎక్కడా చెప్పొద్దు ఆంటీ. నా ఉద్యోగం పోతుంది."

"నీ పేరు నాకు తెలిస్తేగా," అంది ఎలీసమ్మ.

మహిమ తొమ్మిదో అంశం పైకి చదివింది. ఎలీసమ్మ రెండోసారి చదవమంది, మూడోసారి కూడా చదివించుకుంది. తర్వాత అర్జీ ఒకటి కాదు, రెండు రాయమంది. రెండోది మొదటిదాని అడుగున పెట్టమంది.

సోమవారం మండలాఫీసులో అర్జీలు తీసుకునే రోజు. అంకమ్మరావు తనకు ఎలాగూ అటు పని ఉందని ట్రాక్టరు కట్టాడు. ఏం పనో ఎవరూ అడగలేదు. ముఠా మొత్తం ట్రాక్టరు వెనక ట్రక్కులో ఎక్కింది. హనుమాయమ్మ కూడా ఎక్కింది, పెదకాకాని శివుడికి మొక్కుకుని వచ్చానని విబూది పెట్టుకుని. ఆఫీసు దగ్గర అంకమ్మరావు మాత్రం దిగలేదు, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

తహసీల్దారు శ్యామ్ సుందర్ చెడ్డమనిషి కాదు. తుఫాను రోజుల్లో మోకాలి లోతు నీళ్ళలో ఊరూరా తిరిగాడని అందరికీ గుర్తే. పొద్దుటి నుంచి అర్జీలు తీసుకుని తీసుకుని మొహం వాడిపోయి ఉంది. ఎలీసమ్మ ఇచ్చిన మొదటి కాగితం చదివాడు, ఆమె చేతుల వైపు చూశాడు.

"బాధగానే ఉందమ్మా. కానీ తనిఖీ నా చేతిలో లేదు, కాలుష్య మండలి వాళ్ళది. వాళ్ళనీ నేను ఒత్తిడి చెయ్యలేను. విపత్తు ప్రకటన అమల్లో ఉంది. ఆ చట్టం ప్రకారం గడువు నడవదు."

"అమల్లో ఉందా సార్ ఇంకా?"

"ఉంది. ఏప్రిల్ ముప్పై దాకా."

"నేను పోయి నోటితో చెబితే మావాళ్ళు నమ్మరు సార్. ఆ ముక్క రాసివ్వండి."

అతను రోజుకు అట్లాంటివి నలభై రాస్తాడు. అర్జీ వెనక రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టాడు. పక్కన గుమాస్తా ముద్ర కొట్టాడు. ఎలీసమ్మ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మహిమ చేతిలోంచి రెండోది తీసి బల్ల మీద పెట్టింది.

శ్యామ్ సుందర్ చదవడం మొదలుపెట్టాడు. విపత్తు ప్రకటన అమల్లో ఉందని తమరు ఈ రోజు ధ్రువీకరించారు కనుక, అదే ప్రకటన తొమ్మిదో అంశం ప్రకారం మా కాలనీకీ మేం పనిచేసే చోటికీ రోజూ మంచినీళ్ళ ట్యాంకరు పంపించాలి. జనం వాడే నీటి వనరులన్నిటినీ నలభై ఎనిమిది గంటల్లో పరీక్ష చేయించి, ఫలితం నోటీసు బోర్డులో పెట్టించాలి. చివరిదాకా చదివి, మళ్ళీ పైకి వచ్చి చదివాడు.

"ఇప్పుడు తుఫాను ఎక్కడుందమ్మా? బయట ఎండలు మండిపోతుంటే."

"నేనూ అదే అడిగాను సార్ సచివాలయంలో."

గుమాస్తా తల పక్కకు తిప్పుకున్నాడు.

"అది వరదల కోసం పెట్టింది," అన్నాడు శ్యామ్ సుందర్.

"సరే సార్. అయితే తుఫాను లేదని రాసివ్వండి. మాకు ఏదైనా ఒకటే. ఉంటే నీళ్ళివ్వండి, లేకపోతే తనిఖీకి పంపండి. రెండూ లేవంటే మాత్రం మేం ఇక్కడ్నించి లేవం."

"ఎవరు రాశారు ఇది?"

"మా చెల్లెలి కూతురు. ఇంటరు చదివింది."

అతను చెయ్యి చాచాడు. "ఇందాకటి కాగితం ఒకసారి ఇటివ్వు."

"ముద్ర పడింది కదా సార్," అని ఎలీసమ్మ సంచి మూతి బిగించి పట్టుకుంది.

ఆమె వెనక వరసలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక పత్తి రైతు, వేరే ఊరివాడు, మహిమ భుజం మీదుగా ఆ కాగితం చదువుతున్నాడు. చదివి, "అమ్మాయ్, దీని జిరాక్సు ఒకటి మాకూ ఇవ్వు. మా ఊళ్ళోనూ కాలవే," అన్నాడు. ఇంకెవరో మాకూ అన్నారు. శ్యామ్ సుందర్ ఆ వరసను చివరిదాకా చూశాడు. కుర్చీలో వెనక్కి ఒరిగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత కలం తీసుకున్నాడు.

*

బుధవారం నీటి పరీక్ష చేసే ఉద్యోగి, బాజీ అనే అతను, పెట్టె పట్టుకుని వచ్చాడు. కుళాయి దగ్గర ఒక సీసా నింపుకుని పోబోతుంటే ఎలీసమ్మ అడ్డం నిలబడింది. జనం వాడే నీటి వనరులన్నీ అని కాగితంలో ఉంది, ఒక్క కుళాయి అని లేదు. బాజీ ఆమెను చూశాడు, వెనక ఉన్న పదకొండు మందిని చూశాడు, పెట్టె మళ్ళీ తెరిచాడు. తొట్టిలోంచి తీశాడు, కాలవలోంచి తీశాడు. మందు కలిపిన నీళ్ళు సీసాలో రంగు మారుతుంటే అతని కనుబొమలు ముడిపడ్డాయి. చేతికి తొడుగు వేసుకుని ఇంకోసారి చేశాడు.

"ఇందులో చేతులు పెడుతున్నారా మీరు?"

"రోజూ," అంది మహిమ.

వాడుకకు పనికిరాదు అని రాసిన కాగితాన్ని అఖిల వెలిసిన కాగితం పక్కనే నోటీసు బోర్డులో పిన్ను కొట్టింది. గురువారం ఉదయం ఏడింటికి ట్యాంకరు వచ్చింది. కాలనీకి ఒకటి, కల్లానికి ఒకటి. అక్టోబరు తుఫాను తాలూకు నీళ్ళు ఫిబ్రవరిలో వచ్చాయని ముఠావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు.

ఆ నీళ్ళు చల్లిన కాయ మర్నాడు పొద్దున ఎప్పటిలా మెత్తగా వంగింది. ఎలీసమ్మ బొటనవేలికి అప్పటికే గోరు లేదు, బుధవారం రాత్రి పక్కలో ఊడిపోయింది. గుడ్డ చుట్టుకుని ఎడమ చేత్తో తీయడం మొదలుపెట్టింది. రెండు రోజులు చంటిపిల్ల అన్నం కలిపినట్టే ఉంది. మూడో రోజుకు కొంచెం వచ్చింది.

అంకమ్మరావు రోజూ సాయంత్రం తాలు బుట్ట దగ్గర నిలబడేవాడు. తొడిమ తీస్తూ తెల్లబడ్డ కాయల్ని ఆడవాళ్ళు ఆ బుట్టలో వేస్తారు. నెల రోజులుగా ఆ బుట్ట పొద్దుగూకేసరికి నిండి పొర్లేది. ట్యాంకరు వచ్చిన నాలుగో రోజు అతను బుట్టలో చెయ్యి పెట్టి అడుగు దాకా కెలికాడు. సగం కూడా లేదు. ఒక కాయ తీసి తొట్టి వైపు చూశాడు, కాలవకు ఎగువ వైపు చూశాడు. నెల రోజులుగా మేలిరకం కాయను తొట్టి నీళ్ళతో తనే తాలు చేసి, ఆ నీళ్ళు వదిలినవాడికే తాలు ధరకి పోస్తున్నాడు. ఆ సాయంత్రం అతను చేతిలో కాయ అట్లాగే పట్టుకుని బండెక్కాడు.

తర్వాతి సోమవారం మండలాఫీసుకి తొమ్మిది ఊళ్ళ నుంచి ఒకే రకం అర్జీలు వచ్చాయి. అన్నిటిలోనూ మహిమ వాక్యాలే. అన్ని ఊళ్ళకు ట్యాంకర్లు ఎక్కడ్నించి వస్తాయి? నాలుగు నెలలుగా ఎవరూ రాయని ఉత్తరం శ్యామ్ సుందర్ ఆ సాయంత్రమే కలెక్టరాఫీసుకి రాశాడు.

గురువారం పొద్దున ట్యాంకరు రాలేదు. ఏడున్నరకి అఖిల కల్లానికే వచ్చింది, స్కూటీ ఇంజను ఆపకుండానే చెప్పింది.

"ప్రకటన ఎత్తేశారు ఆంటీ. మన మండలానికి. ఇయ్యాల్టి నుంచి గడువు నడుస్తుంది. మార్చి ఇరవై ఎనిమిది లోపు తనిఖీ చెయ్యాలి. ఫ్యాక్టరీ నడుస్తుండగానే."

"మరి ట్యాంకరు?" అని ముఠాలో ఒకామె అడిగింది.

"తుఫాను లేదుగా ఇక," అంది అఖిల, తప్పు తనదే అయినట్టు.

కొంతమంది మొహాలు వాడాయి. ఎలీసమ్మ మాత్రం లేచి, పట్టా దులిపి, ఖాళీ మంచినీళ్ళ సీసాలున్న సంచి తెచ్చింది. చర్చిలో పెళ్ళి భోజనాల దగ్గర ఏరుకొచ్చినవి, కడిగి ఆరబెట్టి ఉన్నాయి. గోడ వారగా వరసపెట్టింది, ముప్పై.

"తనిఖీవాళ్ళు ఏ రోజొస్తారో మనకు చెప్పరు. ఫ్యాక్టరీకి మాత్రం చెబుతారు. ఆ రోజు కాలవ మన మంచినీళ్ళ కుండంత శుభ్రంగా ఉంటుంది. అందుకని రోజుకొక సీసా ఈ నీళ్ళు పట్టి ఉంచుదాం. మహిమా, నువ్వు తేదీ రాయి, రోజుకిద్దరు సాక్షి సంతకం పెట్టండి. వాళ్ళొచ్చిన రోజు అన్నీ వరసగా ముందు పెడదాం. వాళ్ళు పోయేదాకా కాయ పొడిగానే తీస్తాం. పగిలితే పగులుద్ది."

చివరి మాట అంకమ్మరావు వినాలనే అంది. అతను అప్పుడే వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నాడు. వేరే ముఠా మాట ఎత్తుతాడేమో అని అందరూ చూశారు.

అతను దిగివచ్చాడు. "పగలక్కర్లేదు. మా ఇంటి బోరు నుంచి ట్రాక్టరు మీద డ్రమ్ములు తెప్పిస్తా," అన్నాడు. గోడ దగ్గరికి పోయి మొదటి సీసా తీసుకున్నాడు. మోటారు వేసి, తొట్టిలోకి కొత్తగా కాలవ నీళ్ళు పట్టి, మూత తిప్పుతూ అక్కడికి నడిచాడు. మహిమ ప్లాస్టిక్ మగ్గు ఇవ్వబోయింది. అతను తీసుకోలేదు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, సీసాతో సహా చెయ్యి నీళ్ళలో ముంచాడు. బుడగలు వచ్చాయి. సీసా నిండింది. నిండాక కూడా అతను చెయ్యి తీయలేదు.

ఎలీసమ్మ గుడ్డ చుట్టిన బొటనవేలు ఒళ్ళో పెట్టుకుని అతని మొహమే చూస్తోంది. కాసేపటికి అతని దవడ బిగుసుకుంది.

"ఇంకెంతసేపు?" అని అడిగాడు.

"గంటన్నాను," అంది ఎలీసమ్మ, కాయల బుట్ట ముందుకు లాక్కుంటూ. "మీరు తీసెయ్యండి. మాకు తెలుసుగా."